మొదటి నవలగా వేయిపడగలు ఇవ్వకండి

తెలుగు నవలలు చదవడం మొదలుపెడదామనుకుంటున్నాను, ఏవైనా చెప్పండి అని ఎవరైనా అడిగితే చాలు, మన పుస్తకాల పెద్దలకి పూనకం వచ్చేస్తుంది. వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అంపశయ్య. ఇవి చదవనివాళ్లు తెలుగు నవల గురించి మాట్లాడకూడదని పైన ఒక హెచ్చరిక. అడిగినవాడు మాట్లాడతానని ఎక్కడన్నాడు? చదువుతానన్నాడు, అంతే. పాపం బుద్ధిగా వెళ్లి అందులో అన్నిటికన్నా లావుపాటిది, వేయిపడగలు కొంటాడు. కథ జరిగే సుబ్బన్నపేట పొలిమేర దాటకుండానే దాన్ని టీవీ పక్కన పెడతాడు. కొన్నాళ్లకి అది అటకెక్కుతుంది. ఆ తర్వాత ఎవరైనా తెలుగు పుస్తకం ఊసెత్తితే "అబ్బే, నావల్ల కాదండీ" అంటాడు. లంఖణాలు చేసి లేచినవాడికి ఆవకాయన్నం పెట్టి, అరక్కపోతే వాడి కడుపుని తిట్టినట్టుంటుంది ఈ వ్యవహారం.

నాకు వేయిపడగలు రాసిన విశ్వనాథ సత్యనారాయణ మీద కోపం లేదు. ఆ నాలుగు నవలల్లో మూడింటిని ఒకటికి రెండుసార్లు చదివినదాన్ని. అవి గొప్పవే. కానీ ఎలాంటివాళ్ల కోసం రాసినవో చూడండి. వేయిపడగలు దాదాపు వెయ్యి పేజీలు. ధర్మారావు కథ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, గుడి గురించీ చదువుల గురించీ సంగీతం గురించీ పేజీలకి పేజీలు చర్చ సాగుతుంది. ఆ చర్చలే దాని ప్రాణం అనేవాళ్లతో నాకు పేచీ లేదు. మిగతా మూడింటిలో బయట జరిగేది తక్కువ, లోపల జరిగేది ఎక్కువ. 1946లో వచ్చిన బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధి, ఆ మరుసటి ఏడు వచ్చిన గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు, 1969లో వచ్చిన నవీన్ గారి అంపశయ్యలో రవి, ముగ్గురూ తమ బుర్రల్లో తాము చిక్కుకున్నవాళ్లు. అంపశయ్య అయితే ఉస్మానియా హాస్టల్లో ఉండే ఒక కుర్రాడి ఒక్క రోజు ఆలోచనలే. ఇంకొకడి ఆలోచనల వెంట అన్ని పేజీలు నడవాలంటే చదవడం అనే పని మన ధ్యాసలో లేనంతగా అలవాటైపోయి ఉండాలి. కొత్తవాళ్లకి లేనిది అదే.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మా అక్క కొడుకు వల్ల. వాడికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగు పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు. ఇంగ్లీషు థ్రిల్లర్లు బాగానే చదువుతాడు. "పిన్నీ, తెలుగులో ఏదైనా చెప్పు, మరీ క్లాసిక్కులవీ వద్దు" అన్నాడు. నా దగ్గరున్న ఒక పాత నవల తీసి ఒక పేజీ పైకి చదవమన్నాను. చదివాడు, తప్పుల్లేకుండానే. కానీ ‘నిష్క్రమించాడు’ దగ్గర ఆగాడు, ‘ప్రాంగణం’ దగ్గర ఆగాడు. అర్థం తెలియక కాదు, కంటికి అలవాటు లేక. ఒత్తుల మీద ఒత్తులు వచ్చిన చోటల్లా అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. వర్ణన ఉన్న ఒక పెద్ద వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఎవరి గురించి చెప్తున్నారో మర్చిపోయి వెనక్కి వెళ్లాడు. అదే పేజీలో కింద అత్తా కోడళ్లు మాటామాటా అనుకునే చోటు వచ్చింది. అంతే, స్పీడు దానంతటదే పెరిగింది. చదవడం అయిపోయాక కూడా పేజీ తిప్పి, "తర్వాత ఆవిడేమంది?" అని అడిగాడు.

కాబట్టి ‘తేలిక నవల’ అంటే నా దృష్టిలో పిల్లల పుస్తకమో, బరువు లేని కథో అని కాదు. మాటలు ఎక్కువ, వర్ణన తక్కువ ఉండాలి. అధ్యాయాలు చిన్నవై ఉండాలి. ప్రతి అధ్యాయం చివరా ఏదో ఒకటి తేలకుండా మిగలాలి. ఇవి ఉంటే విషయం ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, కొత్తవాళ్లు లాక్కొస్తారు.

సరిగ్గా ఈ లక్షణాలన్నీ ఉన్న నవలలు మనకి కుప్పలుగా ఉన్నాయి. వాటిని ‘కమర్షియల్’ అని ఒక మాట అనేసి పక్కన పెట్టేశాం.

డెబ్బైల్లో, ఎనభైల్లో వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు ఎలా తయారయ్యేవో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రచయిత నవల మొత్తం రాసి మనకివ్వడు. వారానికి కొన్ని పేజీలు, చివర ‘సశేషం’. ఆ సశేషం పైన ఉన్న వాక్యం సరిగ్గా లేకపోతే వచ్చే వారం పత్రిక అమ్ముడుపోదు. పోనీ వారం తర్వాత చదివే మనిషికి కిందటి వారం సంగతి గుర్తుంటుందా అంటే, ఉండదు. అందుకని మొదటి పేరాలోనే ఎవరు ఎక్కడున్నారో మాటల్లో కలిపి గుర్తుచేసేవాళ్లు. రోజుకి పదిహేను నిమిషాలు మెట్రోలో చదివే ఇప్పటి కుర్రాడికి ఇంతకన్నా ఏం కావాలి? వాడూ మధ్య మధ్యలో వదిలేసి వచ్చేవాడే, కిందటిసారి ఎక్కడున్నాడో మర్చిపోయేవాడే.

మావాడికి మొదట ఇచ్చింది యండమూరి వీరేంద్రనాథ్ వెన్నెల్లో ఆడపిల్ల. రేవంత్ అని ఒక చదరంగం ఆటగాడు. అతనికి ఫోన్‌లో ఒక అమ్మాయి గొంతు. తనెవరో చెప్పదు, ఎక్కడుంటుందో చెప్పదు, కావాలంటే కనుక్కోమని పజిల్స్ ఇస్తుంది. ఇంతే కథ. ల్యాండ్‌లైన్ ఫోన్ల కాలం కాబట్టి అది సాధ్యమైంది, ఇప్పుడైతే నంబరు ట్రూకాలర్‌లో చూసేసి రెండో పేజీలో నవల ముగించేవాళ్లు. మావాడూ అదే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ పజిల్స్ దగ్గర పుస్తకం మూసి పెన్నూ కాగితం తీసుకున్నాడు. తెలుగు పుస్తకం పక్కన పెన్నూ కాగితంతో మావాణ్ని చూడటం పదో తరగతి పరీక్షల తర్వాత అదే మొదలు. ఆ నవలలో ఎక్కువ భాగం ఇద్దరి మాటలే. చదివేవాడి కళ్లు ఎక్కడా ఆగవు. ఎంత చదివాడో వాడికి తెలియకుండానే సగం అయిపోతుంది. చివర్లో ఏమవుతుందో నేను చెప్పను. అది తెలిసినవాళ్లు కూడా దయచేసి చెప్పకండి, మనవాళ్లకి ఆ దురద కొంచెం ఎక్కువ.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. అలాంటివాటితో మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు, రుచి చెడిపోతుంది అని. ఆ కాలంలో అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగినవాళ్లని అడగండి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌తో మొదలై, యద్దనపూడి మీదుగా, రంగనాయకమ్మ దాకా వచ్చి, అక్కణ్ణించి రావిశాస్త్రి దగ్గర తేలినవాళ్లు ఎంతమందో. ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి. మధుబాబు గూఢచారి నవలల షాడో దగ్గరే జీవితాంతం ఆగిపోయిన మనిషి కూడా షాడో బాస్ కులకర్ణి ఎప్పుడొస్తాడా అని పేజీలు తిప్పినవాడే, అంటే పాఠకుడే. అసలు ఏమీ చదవనివాడి రుచి ఎక్కడ చెడుతుంది?

అలాగని వాటిని నెత్తిన పెట్టుకోమనడం లేదు. యండమూరిదే తులసిదళం నేను కొత్తవాళ్లకి ఇవ్వను. ఊపిరి బిగబట్టి చదివిస్తుంది, అది కాదనలేం. కానీ చేతబడి నిజమేనేమో అనే భయాన్ని ఆ నవల వాడుకున్న తీరు మీద అప్పట్లోనే గట్టి విమర్శలొచ్చాయి, నా ఓటు ఆ విమర్శలకే. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ ఇస్తాను గానీ ఒక మాట చెప్పి ఇస్తాను. అరవైల్లో జ్యోతి మాసపత్రికలో వచ్చింది. జయంతి అనే మధ్యతరగతి అమ్మాయి ఉద్యోగంలో చేరుతుంది, రాజశేఖరం అనే డబ్బున్న, పొగరున్న, అందగాడైన యజమాని. ఇప్పటి ఆడపిల్లలకి రాజశేఖరం మాట్లాడే తీరు కొన్నిచోట్ల చిరాకు తెప్పిస్తుంది. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయికి ఇస్తే, "ఆంటీ, వీడు మా ఆఫీసులో ఉంటే హెచ్ఆర్‌కి కంప్లయింట్ ఇచ్చేదాన్ని" అంది. ఇంకా ఉద్యోగంలోనే చేరలేదు ఆ పిల్ల! కానీ రెండ్రోజుల్లో పూర్తి చేసింది. ఉద్యోగం చేసే ఆడపిల్ల అభిమానం ఎలా ఉంటుందో ఆ కాలంలో ఇంత పట్టుగా చెప్పినవాళ్లు తక్కువ. తిట్టుకుంటూ చదివినా చదివినట్టే. నాకైతే తిట్టుకుంటూ చదివినవాళ్లతోనే కబుర్లు బాగా సాగుతాయి.

హాస్యం సంగతికి వద్దాం. ఎవరైనా సరే, ఏ వయసైనా సరే, ఒక్క పుస్తకం చెప్పమంటే చాలామంది బారిస్టర్ పార్వతీశం అంటారు. నేనూ అంటాను. 1924లో మొదటి భాగం వచ్చిన నవల, నూరేళ్లు దాటింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దొరల టోపీ ఒకటి కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటాడు. అది ఆడవాళ్ల టోపీ. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు చేసిన గొప్ప పనేమిటంటే, పార్వతీశం చేతే తన కథ చెప్పించడం. తను చేసేది తెలివితక్కువ పని అని వాడికి తెలియదు, మనకి తెలుస్తుంది. ఒక్కోచోట మనకీ ఆలస్యంగా తెలుస్తుంది, అప్పుడు ఇంకా నవ్వొస్తుంది. మొదటిసారి విమానాశ్రయంలో సెక్యూరిటీ దగ్గర బెల్టు ఎందుకు విప్పమంటున్నారో తెలియక బిక్కమొహం వేసిన ప్రతివాడూ పార్వతీశమే కాబట్టి, పడవలూ రైళ్లూ ఓడలూ ఉన్నా కథ పాతబడలేదు. భాష కూడా వందేళ్ల నాటిదిలా ఉండదు. అక్కడక్కడా ఒకటి రెండు మాటలు అడ్డొస్తాయి, వాటిని దాటేయమని చెప్పండి.

అయితే ఒక జాగ్రత్త. ఇప్పుడు దొరికే పుస్తకాల్లో మూడు భాగాలూ కలిపి కుట్టేసినవి ఉన్నాయి. ఆ లావు చూస్తే భయమేస్తుంది. మొదటి భాగం చాలు, అక్కడ ఆపినా తప్పేం లేదని ముందే చెప్పండి. నిజానికి రెండు మూడు భాగాలు చాలా ఏళ్ల తర్వాత వచ్చినవి. నా మటుకు నాకు మొదటి భాగంలో ఉన్న అల్లరి వాటిలో కనపడదు. చిలకమర్తి వారి గణపతి 1920 నాటిది, నవ్వుల పుస్తకమే గానీ భాష గ్రాంథికం. పార్వతీశం తర్వాత ఇంకా కావాలన్నవాళ్లకి తప్ప ఇవ్వకండి. ఇంటి కథలు ఇష్టపడేవాళ్లకి రంగనాయకమ్మ స్వీట్ హోమ్ ఉంది. విమలా బుచ్చిబాబుల కాపురం, నవ్విస్తూనే మగవాళ్లకి చురకలేస్తుంది. కొత్తగా పెళ్లయినవాళ్లకి ఇవ్వడం మా ఇంట్లో ఆనవాయితీ, మా ఆయన అభ్యంతరం మీద.

బుడుగు నవల కాదు కదా అంటారు. కాదు. అయినా ఇవ్వండి. పేజీ పేజీకీ బాపు బొమ్మ, ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు మాటలు. అక్షరాలంటే భయం ఉన్నవాళ్లకి ఆ భయం పోగొట్టే పుస్తకం. కాకపోతే బుడుగు మాట్లాడేది చిన్నపిల్లల ముద్దు తెలుగు, స్పెల్లింగులు కావాలని తప్పుగా ఉంటాయి. తెలుగు చదవడం ఇప్పుడే నేర్చుకుంటున్న విదేశాల్లోని మన పిల్లలకి మాత్రం అది గందరగోళం. వాళ్లకి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు మేలు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటివి. నెలకోసారి పత్రిక కోసం ఎదురుచూసే పిల్లల కోసం రాసినవి, కాబట్టి ఏ విడతా ఊరికే ముగియదు. వాక్యం చిన్నది, మాట తేలిక, సంఘటన మీద సంఘటన. పుస్తకాలుగా కూడా వచ్చాయి. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు రోజూ రాత్రి ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా చేత పిల్లలకి చదివించుకునేది. కొన్నాళ్లకి పెద్దది విసుగొచ్చి, "అత్తా, నువ్వు లేటుగా చదువుతున్నావు" అని తనే చదువుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరదా పుస్తకాలు. తేలిక అంటే అంతే అనుకుంటారేమోనని, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్కడ చెప్తాను. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు.

రచయిత డాక్టరు. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు. 2015లో పోయారు. ఆయన నవలల్లో చాలావరకు వంద, నూటయాభై పేజీలు దాటవు. ఈ నవల కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పందులు మేపుకునే ఒక ముసలాయన, ఈనడానికి అడవిలోకి వెళ్లిపోయిన తన పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ బయల్దేరతాడు. దొరుకుతుంది. పిల్లల్ని కని ఉంటుంది. చీకటి పడుతుంది. నక్కలు వస్తాయి. ఇక రాత్రంతా ఆ ఒక్క మనిషి, ఆ పంది, పిల్లలు, చుట్టూ అడవి. పంది కూడా ఆయన్ని దగ్గరికి రానివ్వదు, బాలింత కదా, ఎవరినీ నమ్మదు. తన జంతువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటూ, ఆ జంతువు నుంచే తనని తాను కాపాడుకోవాలి ఆ ముసలాయన.

ఇందులో ఒక్క ఉపన్యాసం లేదు. పేదరికం మీద ఒక్క నిట్టూర్పు లేదు. తర్వాత ఏం చేస్తాడు, కర్ర ఎక్కడ దొరుకుతుంది, చెట్టెక్కాలా వద్దా, నక్క ఎటువైపు నుంచి వస్తుంది. మొత్తం పనుల మీదే నడుస్తుంది. ఏ హాలీవుడ్ థ్రిల్లరూ ఇంత టెన్షన్ పెట్టదు. ఒక్క రాత్రి కథ, ఒక్క రాత్రిలో చదివేయొచ్చు. చదివేశాక మాత్రం నిద్ర పట్టదు. సాహిత్యం అంటే పెదవి విరిచే మా ఆఫీసు కొలీగ్ ఒకాయన, సర్వైవల్ సినిమాలంటే చెవి కోసుకుంటాడు, ఆయనకి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే క్యాంటీన్‌లో నా టీ చల్లారిపోయేదాకా ఆ చివరి ఘట్టం గురించే వాదించాడు. ముసలాయన గెలిచాడా ఓడాడా అని. పేరులో జయించాడని ఉంది కదండీ అంటే, "పేరు సంగతి వదిలేయండి మేడమ్" అన్నాడు. ఆ మాటకి ఆయనకి ఇంకో పుస్తకం బాకీ పడ్డాను. మునెమ్మ ఇచ్చాను. అదీ చిన్నదే, భర్త చావు వెనక ఏముందో తేల్చుకోవడానికి ఎద్దుని వెంటబెట్టుకుని బయల్దేరిన ఆడదాని కథ.

కష్టమైన విషయం తేలిక మాటల్లో రాయడం అన్నిటికన్నా కష్టమని కేశవరెడ్డిని చదివితే తెలుస్తుంది. మన విమర్శకులు తేలికగా ఉన్నదాన్ని తక్కువగా చూసే అలవాటు ఎప్పుడు మానుకుంటారో.

కేశవరెడ్డి పాత్రలు మాట్లాడేది చిత్తూరు మాట. ఇక్కడ యాస గురించి కొంచెం చెప్పాలి. కొత్తవాళ్లకి తెలియని యాస ఇవ్వొద్దు, పాఠ్యపుస్తకం తెలుగే ఇవ్వండి అంటారు కొందరు. నేను చూసింది దీనికి తలకిందులు. మనిషి తన ఇంట్లో విన్న మాట అచ్చులో కనపడితే చదవడం రెట్టింపు వేగంతో సాగుతుంది. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకి కేశవరెడ్డో నామినో ఇచ్చి చూడండి. తెలంగాణ వాళ్లకి దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు ఇవ్వండి. నిజాం కాలపు పల్లె, దొర గడీ, బయటి నుంచి ఆ ఊళ్లోకి వచ్చిన ఒక సంగీతం మనిషి. ఊరి పద్ధతులు అతనికీ కొత్తే, మనకీ కొత్తే, అందుకని ఎక్కడా దారి తప్పం. మాటలేమో నానమ్మ నోట విన్నవి. గోదావరి వాళ్లకి సినిమా దర్శకుడు వంశీ ఉన్నారు. రాయలసీమ పిల్లలకి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. కరువొచ్చినప్పుడు గొర్రెల మందల్ని నల్లమలకి తోలుకెళ్లే కాపరులతో పాటు, చదువుకుని ఉద్యోగం దొరకని ఒక కుర్రాడు అడవికి వెళ్తాడు. పులి భయం, నీళ్ల కరువు, దారి తప్పడం. 2019లో తానా బహుమతి వచ్చింది, 2021లో క్రిష్ సినిమా తీశారు. ఇప్పటి కుర్రాడి కథ కాబట్టి పాత కాలం నవలల్లో ఉండే దూరం ఇందులో ఉండదు. మిగతావాటికన్నా కొంచెం పెద్దది. అడవి ఇష్టమైతే అది అడ్డు కాదు.

సినిమా అన్నాను కాబట్టి, కథ ముందే తెలిసిపోతే చదవబుద్ధి కాదు అనేది అనుభవం ఉన్న పాఠకుల గోల. నెమ్మదిగా చదివేవాళ్లకి కథ తెలిసి ఉండటం పెద్ద సాయం. ఎవరెవరో గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు, ధ్యాసంతా వాక్యం మీదే పెట్టొచ్చు. జంధ్యాల చంటబ్బాయ్ పదిసార్లు చూసినవాళ్లకి మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఇవ్వండి. సితార ఇష్టమైనవాళ్లకి వంశీ మహల్లో కోకిల. అభిలాష చూసినవాళ్లకి యండమూరి నవల అభిలాష. సినిమాలో ఇది లేదే, ఇది మార్చేశారే అనుకుంటూ, పోలుస్తూ చదువుతారు. అలా పోల్చుకునేవాడు బద్ధకంగా చదవడు.

నవల పెద్దది కదా, కథల సంపుటితో మొదలుపెట్టించొచ్చు కదా అని చాలామంది సలహా. చిన్నవి కాబట్టి తేలిక అని వాళ్ల లెక్క. నాకు ఈ లెక్క ఎప్పుడూ కుదరలేదు. కథల పుస్తకంలో ప్రతి పది పేజీలకీ కొత్త ఊరు, కొత్త మనుషులు, కొత్త గొడవ. ప్రతిసారీ మొదటి పేజీ కష్టం మొదటి నుంచీ పడాలి. మంచి కథకులు పైగా మొదటి పేజీలో ఏదీ విప్పి చెప్పరు. నవలలో ఆ కష్టం ఒక్కసారే. ముప్పై పేజీలు దాటితే ఆ మనుషులు మనవాళ్లయిపోతారు, మర్నాడు పుస్తకం తెరిస్తే పరిచయాలు అక్కర్లేదు. కథలు బాగా చదవాలంటేనే ఎక్కువ అలవాటు కావాలి. కాబట్టి ముందు నవల, తర్వాతే కథలు.

అనువాదాల్లో ఒక్కటే చెప్తాను. ఏడుతరాలు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ఇంగ్లీషు మూలం చాలా లావు. సహవాసి గారు దాన్ని కుదించి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. గాంబియాలో జుఫూరు అనే పల్లెలో పుట్టిన కుంటా కింటేని బానిసల వ్యాపారులు ఎత్తుకుపోతారు, అక్కణ్ణించి తరాల కథ. మూలంలో ఏం పోయిందో పండితులు చెప్పుకోనీ. తెలుగులో అది ఎక్కడా అనువాదంలా తగలదు, ఆగకుండా చదివిస్తుంది. పుస్తకాలు లేని ఇళ్లలో కూడా ఈ ఒక్క పుస్తకం కనపడటం నేను చూశాను. బెంగాలీ రచయిత శరత్ నవలలు కూడా ఒకప్పుడు ఇలాగే చదివేవాళ్లు, శరత్ తెలుగువాడే అనుకునేంతగా. కానీ ఆ అనువాదాల తెలుగు ఇప్పటి కుర్రాళ్లకి కాస్త దూరమైపోయింది.

ఇక పుస్తకం ఇచ్చే పద్ధతి. "ఏం చదవాలి?" అన్నవాళ్లని "ఏం చూస్తావు?" అని అడగండి. ఓటీటీలో ఏది రాత్రంతా కూర్చుని చూశాడో చెప్తే ఏ పుస్తకం ఇవ్వాలో తేలిపోతుంది. పది పేర్ల లిస్టు ఇవ్వకండి, ఒక్క పుస్తకం చేతిలో పెట్టండి. లిస్టు వాట్సాప్‌లో స్టార్ మార్క్‌తో అలా పడి ఉంటుంది. వీలైతే మొదటి అధ్యాయం మీరే పైకి చదివి వినిపించండి, మిగతాది వాళ్లు చదువుతారు. నలభై పేజీలయ్యాక కూడా పట్టుకోకపోతే మొహమాటపడకుండా తిరిగిచ్చేయమనండి, వేరేది ఇవ్వండి. ఇచ్చిన వారానికి ఫోన్ చేసి "చదివావా?" అని మాత్రం అడక్కండి. నవల హోంవర్క్ అయిపోయిందంటే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. పాత ఎడిషన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే లోపల తెరిచి అక్షరాల సైజు చూడండి. కాగితం ఆదా కోసం చీమతలంత అక్షరాలతో వేసినవి ఉన్నాయి. నలభై దాటినవాళ్లకి అలాంటిది ఇస్తే ఎంత మంచి నవలైనా పది పేజీలకి తలనొప్పి.

మొదటిది పూర్తయిందంటే అసలు చిక్కు రెండోదానితో. యండమూరి నచ్చిందని పది యండమూరిలు వరసగా ఇస్తే నాలుగోదానికే మొహం మొత్తుతుంది. పక్కకి ఒక్క అడుగు వేయించాలి. వెన్నెల్లో ఆడపిల్ల అయ్యాక మావాడికి అతడు అడవిని జయించాడు ఇచ్చాను. షాడో అభిమానులకి కొండపొలం కుదిరింది. సెక్రటరీని తిట్టిన మా వీధి అమ్మాయికి రంగనాయకమ్మ బలిపీఠం ఇస్తే, తిట్టడానికి ఈసారి హీరోయినే దొరికిందని సంతోషించింది. పార్వతీశం చదివి నవ్వినవాళ్లకి, రెండు మూడు పుస్తకాలయ్యాక, రావిశాస్త్రి అల్పజీవి. ఆ సుబ్బయ్య కూడా లోకం చూసి బెదిరేవాడే, కానీ ఈసారి నవ్వడానికి మనసొప్పదు. మావాడు ప్రస్తుతం అక్కడున్నాడు. సుబ్బయ్యని చూస్తే తన మేనేజర్ ముందు తనే గుర్తొస్తున్నాడని నిన్న మెసేజ్ పెట్టాడు, తెలుగు లిపిలో, రెండు అక్షర దోషాలతో.